మీ గుర్రం తలకు సరిపోయే కళ్లెం కుట్టించుకోవడం ఎలా?

రెడీమేడ్ కళ్లేలు మూడు సైజుల్లో దొరుకుతాయి: చిన్న గుర్రాలకు పోనీ, మధ్యరకానికి కాబ్, పెద్దవాటికి ఫుల్. ఐరోపా గుర్రాల తలలను బట్టి స్థిరపడిన కొలతలవి. మన దేశంలో సవారీకి వాడే గుర్రాల్లో చాలావాటి తలలు ఆ లెక్కలో ఇమడవు. మార్వారీ జాతి గుర్రం ముఖం పొడవుగా, సన్నగా ఉంటుంది, చెవులు నిటారుగా లేచి కొసలు లోపలికి వంగుతాయి. కాఠియావాడీ జాతికి నుదురు వెడల్పు, ముఖం మధ్యలో లోపలికి నొక్కుకుని ఉంటుంది, మూతి చిన్నది. అలాంటి తలకు ఫుల్ సైజు తెస్తే నుదుటి దగ్గర సరిపోయి ముక్కు దగ్గర వేలాడుతుంది. పోనీ సైజు తెస్తే ముక్కు దగ్గర కుదిరి చెవుల వెనక కోసుకుంటుంది. కొలత ఇచ్చి కుట్టించుకోవాల్సింది ఇలాంటప్పుడే.

దానికి దేశం దాటక్కర్లేదు. కాన్పూర్‌లో జీను సామాను తయారీ బ్రిటిష్ సైన్యం కాలం నుంచీ ఉంది. కాన్పూర్ జీను సామానుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి తయారీదార్లు విదేశాలకు ఎగుమతి చేసే సరుకే మీకూ కొలతకు కుట్టి పంపగలరు. అయితే హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్న గుర్రాన్ని వాళ్లు చూడరు. వాళ్లు చూసేది మీరు రాసి పంపిన అంకెలనే. కాబట్టి కళ్లెం బాగా కుదరడం, కుదరకపోవడం సగానికి పైగా మీ టేపు మీద ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడే కుట్టించాలా?

అయిదేళ్లు నిండని గుర్రానికి తొందరపడకండి. రెండున్నరేళ్ల నుంచి దాదాపు అయిదేళ్ల దాకా పాలపళ్లు రాలి కొత్తవి వస్తుంటాయి, తల ఎముకలూ ఇంకా ఎదుగుతుంటాయి. అప్పటిదాకా రంధ్రాలు ఎక్కువున్న మామూలు కళ్లెంతో నడపండి.

పెద్ద గుర్రానికైతే ముందు పశువైద్యుడితో నోరు తెరిపించి చూపించండి. పైదవడ దంతాల బయటి అంచులు అరిగేకొద్దీ కత్తుల్లా పదునెక్కుతాయి. ముక్కుపట్టీ బిగిస్తే చెంప లోపలి చర్మం ఆ అంచులకు ఒత్తుకుని పుండ్లు పడుతుంది. దంతాలు అరగదీయించి, పుండ్లు మానాక కొలతలు తీయండి. నొప్పితో తల విసిరే గుర్రానికి ఎంత మంచి కళ్లెం వేసినా లాభం లేదు. పైగా తప్పు కళ్లెం మీదికి తోస్తాం.

బాగా చిక్కిపోయిన గుర్రం, రేసుల నుంచి వచ్చి ఇంకా ఒళ్లు పట్టని గుర్రం అయితే రెండు మూడు నెలలు ఆగండి. తల ఎముక మారదు గానీ దవడ కండ మారుతుంది. గొంతుపట్టీ, ముక్కుపట్టీ కొలతలు దాన్నిబట్టే ఉంటాయి.

భాగాల పేర్లు

చెవుల వెనక నుంచి దిగేది తలపట్టీ. నుదుటి మీద అడ్డంగా ఉండేది నుదుటిపట్టీ. తలపట్టీ నుంచి బిట్ దాకా రెండు పక్కలా దిగేవి చెంపపట్టీలు. ముక్కు చుట్టూ ఉండేది ముక్కుపట్టీ. దాన్ని మోస్తూ తల మీదుగా వెళ్లే సన్నపట్టీ వేరే ఉంటుంది. దవడ వెనక చుట్టుకునేది గొంతుపట్టీ. నోట్లో ఉండే కడ్డీ బిట్, చేతికి వచ్చేవి పగ్గాలు. ఆర్డరు రాసేటప్పుడు మాత్రం తయారీదారుకు అలవాటైన పేర్లే వాడండి: హెడ్‌పీస్, బ్రౌబ్యాండ్, చీక్‌పీస్, నోస్‌బ్యాండ్, త్రోట్‌లాష్, రెయిన్స్.

టేపు పట్టేముందు వేళ్లతో చూడండి

గుర్రం ప్రశాంతంగా ఉన్నప్పుడు ఒక్కో ఎముకనూ తడిమి గుర్తించండి. పది నిమిషాల పని ఇది. దీన్ని దాటేసి నేరుగా కొలతలకు వెళ్తే అంకెలు సరిగ్గా వచ్చినా కళ్లెం తప్పు చోట కూర్చుంటుంది.

కంటి కింద నుంచి ముక్కు వైపు చెంప మీద ఒక ఎముక గట్టు సాగుతుంది. అది ఎక్కడ ఆగిందో వేలితో పట్టుకోండి. ఆ కొసకు కాస్త పైన, ముక్కు వైపు, ఎముకలోని రంధ్రం గుండా ఒక నరం బయటికి వస్తుంది. పై పెదవికి, ముక్కు చర్మానికి స్పర్శ తెలిసేది ఆ నరంతోనే. పట్టీ దాని మీద నొక్కుకోకూడదు. మామూలు ముక్కుపట్టీ పై అంచు గట్టు కొసకు రెండు వేళ్లు కిందుగా ఉండాలని చెప్పేది ఇందుకే.

ఇప్పుడు బొటనవేలితో ముఖం ముందువైపు నుదుటి నుంచి కిందికి జారండి. నాసికా ఎముక కిందికి వచ్చేకొద్దీ సన్నబడి చివరికి పలచని మొనగా ముగుస్తుంది, ఆ తర్వాత అంతా మెత్తగా ఉంటుంది. ఆ మొన మీద ఏ పట్టీ పడకూడదు. మూతి దగ్గరగా కట్టే డ్రాప్ ముక్కుపట్టీ వాడేవాళ్లు ముక్కు రంధ్రాల పై అంచు నుంచి కనీసం 8 సెంటీమీటర్లు పైన పెట్టమనడం దీని గురించే.

కంటి బయటి మూలకూ చెవి మొదలుకూ మధ్య దవడ కీలు ఉంటుంది. గుర్రానికి గుప్పెడు గడ్డి పెట్టి అక్కడ వేలు ఆనించండి, నమిలినప్పుడల్లా కదులుతుంది. ఆ కదిలే చోట బకిల్ గానీ, నుదుటిపట్టీ తలపట్టీ కలిసే మందపాటి ముడి గానీ పడకూడదు.

చివరగా చెవుల వెనక. చెవి మొదలులోని మృదులాస్థి ఎంత వెనక్కి వచ్చిందో, దాని తర్వాత మెడ మొదటి ఎముక రెక్కలు ఎక్కడ మొదలయ్యాయో తడమండి. తలపట్టీ ఆ రెండింటి మధ్య కూర్చోవాలి. కొన్ని మార్వారీలకు ఈ జాగా రెండు మూడు వేళ్లకు మించదు.

కొలతలు తీయడం

కావలసినవి: దర్జీలు వాడే గుడ్డ టేపు, స్టీలు స్కేలు, చెక్క లేదా గట్టి ప్లాస్టిక్ కడ్డీ ఒకటి, రెండు రబ్బరు బ్యాండ్లు, అట్టముక్క, పెన్ను, పట్టుకోవడానికి ఒక మనిషి. పాత గుడ్డ టేపులు సాగి ఉంటాయి. ముందు స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూసుకోండి. తలకు కట్టిన హాల్టర్ విప్పి మెడకు వేసుకుంటే కొలతకు అడ్డు రాదు. గుర్రం పనిలో తల ఎంత ఎత్తులో ఉంచుతుందో దాదాపు అంత ఎత్తులోనే కొలవండి. తల కిందికి వాల్చి నిద్రమత్తులో ఉన్నప్పుడు తీసిన గొంతుపట్టీ కొలత ఎప్పుడూ తక్కువ వస్తుంది. ప్రతి కొలతా మూడుసార్లు తీసి మధ్యదాన్ని రాయండి. సెంటీమీటర్లలో తీస్తే చివరిదాకా సెంటీమీటర్లే వాడండి.

మొదటిది పెదవి మూల నుంచి తల మీదుగా అవతలి పెదవి మూల దాకా. టేపు చెవుల వెనక, తలపట్టీ కూర్చునే చోటే వెళ్లాలి. వదులు వద్దు, బిగువూ వద్దు.

రెండోది నుదుటిపట్టీ. ఒక చెవి వెనక తలపట్టీ ఆనే చోట మొదలుపెట్టి, చెవి మొదలుకు ఒక వేలు కిందుగా నుదుటి చుట్టూ తిప్పి, రెండో చెవి వెనక అదే చోట ఆపండి. బజారులో దొరికేవి పోనీకి సుమారు 13 నుంచి 14 అంగుళాలు, కాబ్‌కు 15, ఫుల్‌కు 16 నుంచి 17 ఉంటాయి. మీ కొలత వీటికి దూరంగా ఉంటే కంగారు పడక్కర్లేదు, కానీ మళ్లీ ఒకసారి కొలవండి. కళ్లెంలో ఎక్కువగా తప్పు పోయేది ఇక్కడే. నుదుటిపట్టీ ఒక్క సెంటీమీటరు చిన్నదైనా తలపట్టీని ముందుకు లాగి చెవుల మొదళ్లకు ఒత్తేస్తుంది. గుర్రం తల ఆడించడం, చెవులు ముట్టనివ్వకపోవడం చాలాసార్లు దీనితోనే మొదలవుతాయి. జనం బిట్ మారుస్తారు, ముక్కుపట్టీ బిగిస్తారు, నుదుటిపట్టీ వైపు చూడరు.

మూడోది ముక్కు చుట్టుకొలత. గట్టు కొసకు రెండు వేళ్ల కిందుగా, ముక్కు ఎముక మీద మీ రెండు వేళ్లు నిలువుగా పెట్టి, వాటి మీదుగా టేపు చుట్టండి. వేళ్లు ముందువైపే ఉండాలి. పక్కనో గడ్డం కిందో పెడితే మెత్తటి చోటు కాబట్టి ఎప్పుడూ ఖాళీ ఉన్నట్టే అనిపిస్తుంది.

నాలుగోది ముక్కుపట్టీని మోసే పట్టీ: ముక్కుపట్టీ కూర్చునే చోటు నుంచి తల మీదుగా రెండో పక్క అదే చోటు దాకా.

అయిదోది గొంతుపట్టీ: ఒక చెవి మొదలు నుంచి దవడ వెనకగా చుట్టి రెండో చెవి మొదలు దాకా. కొలిచేటప్పుడే దవడకూ టేపుకూ మధ్య నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి కొలవండి, ఆ ఖాళీ కలిసిందని కాగితం మీద రాయండి. రాయకపోతే తయారీదారు తన లెక్కలో ఇంకోసారి కలుపుతాడు.

ఆరోది పెదవి మూల నుంచి కంటి బయటి మూల దాకా, రెండు పక్కలా విడివిడిగా. చెంపపట్టీ బకిల్ ఎక్కడ పడాలో నిర్ణయించేది ఈ కొలతే. రెండు పక్కలకూ అర సెంటీమీటరు తేడా రావడం మామూలే. అంతకంటే ఎక్కువ వస్తే తల వంచి నిలబడిందేమో చూడండి.

చెవి వెనక వంపు అంకెల్లో చెప్పలేం. అట్టముక్కను చెవి వెనక ఆనించి, మృదులాస్థి ఆకారం కుదిరేదాకా కొంచెం కొంచెం కత్తిరించుకుంటూ పోండి. కుదిరాక కాగితం మీద గీత గీసి, చెవి ఏ వైపో రాసి పంపండి. రెండు చెవుల మధ్య వెనకవైపు వెడల్పు కూడా రాయండి.

బిట్ లెక్క వేరు

నునుపుగా అరగదీసిన కడ్డీకి రెండు పక్కలా రబ్బరు బ్యాండ్లు తొడిగి, బిట్ ఉండే చోట నోట్లో అడ్డంగా పెట్టండి. బ్యాండ్లను పెదవులకు తగిలేదాకా జరపండి. బయటికి తీసి వాటి మధ్య దూరం స్కేలుతో కొలవండి. వదులు రింగు బిట్‌కు ఒక్కో పక్క 5 మిల్లీమీటర్లు కలపాలి, లేకపోతే తిరిగే రింగు పెదవిని గిల్లుతుంది. రింగు స్థిరంగా ఉండే రకాలకు ఒక్కో పక్క 2, 3 మిల్లీమీటర్లు చాలు. నోటి కొలత 117 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి, వదులు రింగైతే 127, అంటే 5 అంగుళాల బిట్ తీసుకోవాలి. పెద్దది తీసుకుంటే ఏం పోతుందిలే అనుకోవద్దు. మధ్యలో కీలున్న బిట్ పెద్దదైతే ఒకవైపు జారి నోటి మధ్యకు కాకుండా దవడకు తగులుతుంది.

బిట్ ముందు కొని, తర్వాతే కళ్లెం కుట్టించండి. కారణం ఈ లెక్కలో ఉంది. పెదవి మూల నుంచి పెదవి మూల దాకా మీకు 98 సెంటీమీటర్లు వచ్చింది. వదులు రింగు బయటి వ్యాసం 7 సెంటీమీటర్లు. చెంపపట్టీ తగులుకునేది రింగు పైఅంచుకు, అది కడ్డీ కంటే మూడున్నర సెంటీమీటర్లు పైన ఉంటుంది. రెండు పక్కలా కలిపి 7 పోతే తోలు పొడవు 91. అదే గుర్రానికి పైన వేరే చిన్న రింగు ఉండి, కడ్డీకి 6 సెంటీమీటర్ల పైన పట్టీ తగిలించే రకం బిట్ వాడితే తోలు 86 సరిపోతుంది. ఒకే తల మీద 5 సెంటీమీటర్ల తేడా. బిట్ రకం, రింగు వ్యాసం రాయకుండా పంపిన కొలతతో చెంపపట్టీలు సరిగ్గా రావడం అదృష్టమే.

తలపట్టీకి పెట్టే డబ్బు వృథా కాదు

పూసలు, రాళ్లు పొదిగిన నుదుటిపట్టీకి పెట్టే ఖర్చు తలపట్టీ మీద పెట్టండి. బిట్ లాగినప్పుడు, ముక్కుపట్టీ బిగిసినప్పుడు ఆ ఒత్తిడి పడేది చెవుల వెనకే.

మధ్యలో 4 సెంటీమీటర్ల దాకా వెడల్పు, చెవుల వెనక అట్టముక్క వంపు ప్రకారం లోపలికి తగ్గడం, అంచులు గుండ్రంగా మెత్తగా మడవడం, ఈ మూడూ అడగండి. మార్వారీ, కాఠియావాడీ చెవులు దాదాపు పూర్తిగా వెనక్కి తిరుగుతాయి కాబట్టి వాటికి ఈ వంపు లేని తలపట్టీ ఎంత ఖరీదైనదైనా పనికిరాదు. లోపల మెత్త 5, 6 మిల్లీమీటర్లు చాలు. అంతకంటే మందంగా పెట్టిస్తే అంత మందమూ తల చుట్టుకొలతలోంచి పోతుంది, మీరు తీసిన కొలత బిగువైపోతుంది.

ముక్కుపట్టీని మోసే సన్నపట్టీ తలపట్టీ కింద నుంచి పోతే అది గీతలా ఒత్తుకుంటుంది. దాన్ని తలపట్టీ పైనుంచి, కుట్టిన గాడిలోంచి పోనివ్వమని స్పష్టంగా రాయండి.

ముక్కుపట్టీ

మొదటిసారి కుట్టించేవాళ్లు మామూలు ముక్కుపట్టీయే తీసుకోండి. రెండున్నర నుంచి 3 సెంటీమీటర్ల వెడల్పు, ముక్కు ఎముక మీద పలచని మెత్త చాలు. కప్పీలా రెండింతలు బిగిసే క్రాంక్ రకం, నోరు మూసే అదనపు ఫ్లాష్ పట్టీ వద్దు. క్రాంక్‌ను చేతికి తెలియకుండానే ఎక్కువ బిగించేస్తాం.

ఇది వట్టి జాగ్రత్త మాట కాదు. 2017లో అచ్చయిన ఒక పరిశోధనలో పోటీల్లో ఉన్న 750 గుర్రాల ముక్కుపట్టీలు పరీక్షించారు. రెండు వేళ్ల ఖాళీ ఉన్నవి 7 శాతం. 44 శాతం గుర్రాలకు కొలత పరికరం కొస కూడా దూరనంత బిగువు. అంతర్జాతీయ అశ్వ క్రీడా సమాఖ్య 2025లో ముక్కు ఎముక మీద ఖాళీని కొలిచే పరికరం పోటీల్లోకి తెచ్చింది. నోరు తెరిచే గుర్రానికి కారణం పళ్లలోనో, బిట్‌లోనో, సవారీ చేసేవాడి చేతిలోనో ఉంటుంది. పట్టీతో నోరు కట్టేస్తే ఆ కారణం కనపడకుండా పోతుంది, అంతే.

తోలు, ఇనుము

ఆర్డరుకు ముందు జానెడు తోలు ముక్క పంపమని అడగండి. నిజమైన తయారీదారు కాదనడు. దాన్ని నునుపు వైపు లోపలికి వచ్చేలా వంచండి. పై పొర ముడతలు పడి, వదిలాక కూడా ముడతలు నిలిస్తే అది జంతువు పొట్ట భాగం తోలు, సాగుతుంది. వీపు భాగం తోలు వంచితే సన్నటి గీతలొచ్చి వెంటనే మాయమవుతాయి. గేదె తోలు చవక, మన్నుతుంది కూడా, కానీ ఆవు తోలు కంటే వదులు అల్లిక కాబట్టి ఎక్కువ సాగుతుంది. గేదె తోలే తీసుకుంటే పగ్గాలకు, చెంపపట్టీలకు వీపు భాగమే వాడమనండి. చెట్టు బెరడు సారంతో పదును చేసిన తోలు అడగండి, మందం మూడున్నర నుంచి 4 మిల్లీమీటర్లు. తడి తెల్లగుడ్డతో లోపలివైపు రుద్దితే రంగు అంటుకుంటే చెమటకు గుర్రం ముఖం మీదా అంటుతుంది.

అంగుళానికి 8 నుంచి 10 కుట్లు ఉండాలి. మరీ దగ్గరగా కుడితే సూది రంధ్రాల వరస చింపుడు గీతవుతుంది. బకిళ్లు స్టెయిన్‌లెస్ స్టీలు లేదా గట్టి ఇత్తడి. పూత వేసిన ఇనుము వద్దు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో పూత కొన్నాళ్లకే లేచిపోయి, కింద తుప్పు పట్టి, బకిల్ నాలుక హఠాత్తుగా విరుగుతుంది. ఇత్తడి పచ్చబడినా తుడిస్తే పోతుంది.

రంధ్రాలు బేసి సంఖ్యలో, ప్రతి పట్టీకి 7, ఒకటిన్నర సెంటీమీటరు ఎడంతో వేయించండి. మీ కొలత నాలుగో రంధ్రానికి రావాలని రాయండి. కొత్త తోలు మొదటి కొన్ని వారాల్లో కొద్దిగా సాగుతుంది. బిగించడానికి మూడు రంధ్రాలు మిగిలి ఉంటే ఆ బాధ ఉండదు. తర్వాతెప్పుడైనా రంధ్రం వేయాల్సొస్తే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర గుండ్రటి పంచ్ ఉంటుంది. మేకుతో పొడిస్తే రంధ్రం గుండ్రంగా తెగదు, తోలు చీలుతుంది. ఆ చీలిక పగ్గాలు లాగినప్పుడు పాకుతుంది.

చిన్న పోనీ, చిన్న పిల్లలు

పోనీ ముఖం పొట్టి. చెంప గట్టు కొసకూ పెదవి మూలకూ మధ్య జాగా తక్కువ. అక్కడ 3 సెంటీమీటర్ల ముక్కుపట్టీ పెడితే కింది అంచుకూ బిట్ రింగుకూ మధ్య పెదవి చర్మం నలుగుతుంది. వెడల్పు 2 సెంటీమీటర్లకు తగ్గించండి. బకిళ్లు కూడా చిన్నవి అడగండి, లేకపోతే చెంపపట్టీవీ, ముక్కుపట్టీవీ, గొంతుపట్టీవీ అన్నీ కంటి పక్కనే గుంపు కడతాయి. జూలు దట్టంగా ఉన్న పోనీకి తలపట్టీ కూర్చునే మేర మూడు నాలుగు సెంటీమీటర్లు జూలు కత్తిరించాకే కొలవండి.

పగ్గాలు పిల్లల చేతికి 12, 13 మిల్లీమీటర్ల వెడల్పు బాగుంటాయి, పెద్దలకు 16. పొడవు పిల్లను జీను మీద కూర్చోబెట్టే చూడాలి. బిట్ నుంచి మెడ పక్కగా పిల్ల పొట్ట ముందు పెట్టుకున్న చేతుల దాకా టేపు పట్టి, ఒక జానెడు కలపండి. అంతకు మించి పొడవుంటే మిగిలిన పగ్గం కాలి పక్కన వేలాడి, పడేటప్పుడు పాదం దానిలో చిక్కుకుంటుంది.

పాత జట్కా బండ్ల నుంచి, పెళ్లి ఊరేగింపుల నుంచి వచ్చిన పోనీలకు కొన్నిసార్లు ముళ్లున్న బిట్ తగిలించి ఉంటుంది. 1965 నాటి బండి, బరువు పశువుల నియమాల ప్రకారం అది నిషిద్ధం. అలాంటి పోనీ నాలుక, చిగుళ్లు వైద్యుడికి చూపించి, మానేదాకా నోట్లో ఏమీ పెట్టకండి.

వచ్చాక, నూనె రాసేముందు

కళ్లెం రాగానే నూనె పట్టించవద్దు. నూనె తాగిన తోలును ఎవరూ వెనక్కి తీసుకోరు. ఆర్డరులోనే తోలుకు నూనె పెట్టకుండా పంపమనీ, కుదరకపోతే ఏ భాగాలు మారుస్తారో ముందే రాసివ్వమనీ అడగండి.

పగ్గాలు లేకుండా తొడగండి. మొదట తలపట్టీ: చెవులు చేత్తో నాలుగు వైపులా తిప్పండి, ఎక్కడా అంచు తగలకూడదు. నుదుటిపట్టీ కింద ఒక వేలు సులువుగా జారాలి, తలపట్టీ ముందుకు రాకూడదు. తర్వాత బిట్ ఎత్తు: పెదవి మూలలో ఒక ముడత, కొన్ని గుర్రాలకు రెండు. నోటి మూల సాగి నవ్వుతున్నట్టు కనిపిస్తే పైకి లాగేశారని అర్థం. ముడత లెక్క కంటే గుర్రం ఏం చెబుతుందో చూడండి. నాలుక బిట్ మీదికి తెస్తుంటే బాగా కిందుంది, ఊరికే నములుతూ తల ఎత్తుతుంటే బాగా పైనుంది. ముక్కుపట్టీకి ముందువైపు రెండు వేళ్లు, గొంతుపట్టీకి నాలుగు వేళ్లు. చివరగా క్యారెట్ ముక్క పెట్టండి. పట్టీలన్నీ ఉండగానే గుర్రం దాన్ని నమిలి మింగగలగాలి.

ముందు నుంచి చూడండి. రెండు చెంపపట్టీలూ ఒకే రంధ్రంలో ఉండాలి. చెంపపట్టీ బకిళ్లు కంటి మూలకు సమానంగా ఉండాలి గానీ కంటికి తగలకూడదు. ఇరవై నిమిషాలు నెమ్మదిగా నడిపి, దిగి, కళ్లెం తీసి వెంట్రుకలు చూడండి. చెమట మరక సమంగా పరుచుకుంటే మంచిదే. చెవుల వెనక వెంట్రుకలు ఎదురు తిరిగి ఉన్నా, ముక్కు ఎముక మీద గాడి పడి చాలాసేపు పోకుండా ఉన్నా, మరక మధ్యలో ఒక చోట మాత్రమే పొడిగా ఉన్నా ఆ చోట ఒత్తిడి ఎక్కువుందని గుర్తు పెట్టుకోండి. వారాల తరబడి వదిలేస్తే అక్కడే తెల్ల వెంట్రుకలు మొలుస్తాయి, అవి మళ్లీ నల్లబడవు.

అంతా కుదిరాకే నూనె. లోపలి, గరుకు వైపు నుంచి పలచగా ఒకసారి, మరుసటి రోజు ఇంకోసారి. ఎక్కువ పోస్తే తోలు సాగుతుంది, కుట్లు వదులవుతాయి. రోజూ పని అయ్యాక తడి గుడ్డతో చెమట తుడవండి, వారానికోసారి గ్లిజరిన్ సబ్బుతో కడగండి, నీడలో ఆరబెట్టండి. వానాకాలంలో ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టవద్దు, రెండు రోజుల్లో బూజు పడుతుంది.

ఆర్డరు ఇచ్చినప్పుడే అదే తోలులోంచి ఒక జత చెంపపట్టీలు, పట్టీ కొసలను పట్టి ఉంచే తోలు కీపర్లు నాలుగు అదనంగా కుట్టించి పెట్టుకోండి. ముందు తెగేవి అవే. ఏడాది తర్వాత అడిగితే అదే మందం, అదే రంగు దొరకడం కష్టం.